వంద షేర్ల మీద ఒక టికెట్

మార్కెట్టు తెరవకముందే వార్త వచ్చింది:
ఊరు దాటి ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్ల ఖర్చులో
మూడోవంతు సర్కారే పెట్టుకుంటుందట.
సత్రం గదికీ, రైలుకీ,
కొండెక్కే రోప్‌వేకీ.

తొమ్మిదీ పావుకి మత్సుయామాలోని మా ఆఫీసులో
తెరంతా ఎరుపు.
మా జపాన్‌లో ఎరుపంటే లాభం, పచ్చంటే నష్టం.
కుమోగాతా రోప్‌వే షేరు పదకొండు శాతం లేచింది.
నిన్నటిదాకా ఆ పేరెత్తితే
మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్న మేనేజరు నిషివాకి గారు
ఇవాళ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.
ఆలూ లేదు చూలూ లేదు,
ఒక్క యాత్రికుడైనా పెట్టె సర్దుకోలేదు,
మేం మాత్రం వచ్చే వేసవి రాబడిని
చిల్లరతో సహా లెక్కకట్టేశాం.
"కొనండి" అని నూట నలభై మందికి
జాబు పంపింది నేనే.

పదింటికి ఒచియాయ్ షిగెనో గారి ఫోను.
డెబ్బై ఎనిమిదేళ్లు. రేవులో ముప్పై ఏళ్లు
పడవ టికెట్లు చింపిన చేతులు.
మూడు వందల షేర్లు, భర్త ఉన్నప్పుడు కొన్నవి.
"మినాగావా, రెండు వందలు అమ్మెయ్."

"ఇప్పుడా? ఇంకా పెరుగుతుందండీ,
ప్రభుత్వమే గొడుగు పట్టింది కదా!"

"అందుకే అమ్మమంటున్నా.
గొడుగు పట్టారంటే బయట వాన పడుతున్నట్టేగా.
ఎంత పెద్ద గొడుగు తెచ్చారో
అంత పెద్ద వాన."

మరి ఆ మిగతా వంద, అన్నాను.

"వంద ఉంటేనే ఏడాదికో ఉచిత టికెట్ వస్తుంది.
ఏడాదికోసారి ఆ కొండ నాకు జాబు రాస్తుందబ్బాయ్,
దాన్నెలా అమ్మను?
అవునూ, అసలు ఆ పెట్టెలు తిరుగుతున్నాయా?"

నా జాబులో కంపెనీ అప్పుంది,
సీట్ల సంఖ్య ఉంది, వచ్చే ఏడాది అంచనా ఉంది.
ఆవిడ అడిగింది మాత్రం లేదు.
కనుక్కుని చెప్తానన్నాను.
కనుక్కోలేదు.

మూడు వారాలకి
రాజధాని వాళ్లకి ఆ రాయితీ లేదన్నారు.
ఆ సాయంత్రం జబ్బుపడ్డవాళ్ల లెక్క చదివారు.
తెర పచ్చబడింది, వానాకాలపు నాచులా
అంచుల్నించి లోపలికి.
చలి మొదలయ్యేసరికి పథకమే ఆపేశారు.
"తాత్కాలికంగా" అన్నారు నిషివాకి గారు
కళ్లద్దాలు తుడుచుకుంటూ, మూడుసార్లు.
నా మాట మీద కొన్నవాళ్లలో కొందరు తిట్టారు.
ఉదోన్ కొట్టు నడిపే ఆయన
తిట్టలేదు, నా ఆరోగ్యం అడిగాడు.
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

జనవరిలో ఒక కవరు.
లోపల ఆ టికెట్టూ, చిన్న చీటీ:
"మోకాళ్లు రామంటున్నాయి.
నువ్వెళ్లి చూసి రా, తిరుగుతున్నాయో లేదో."

వెళ్లాను. మంచు.
పన్నెండు మంది పట్టే పెట్టెలో నేనొక్కణ్ణే.
ఛాతీ మీద హిరాగి అని బిళ్ల ఉన్న కుర్రాడు
చేతిపిడి తుడిచాడు, తలుపేశాడు,
నడుము దాకా వంగి నమస్కరించాడు.
ఒకేచోట బరువు మోస్తే తీగ పాడవుతుందనీ
అందుకే ఎవరు రాకపోయినా తిప్పుతామనీ
ఎక్కేముందే చెప్పాడు.
పెట్టె పైకి లేస్తుంటే వెనక్కి తిరిగి చూశాను.
నా వెనక వచ్చిన ఖాళీ పెట్టెకీ
పిడి తుడిచాడు, తలుపేశాడు,
వంగాడు.
దాని వెనకదానికీ.

పైన పొగమంచు, ఏమీ కనబడలేదు.
ఫోను చేశాను. "తిరుగుతున్నాయండీ."
"జనం ఉన్నారా?"
"నేనున్నాను."

అవతల కాసేపు నిశ్శబ్దం,
వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంటున్నట్టు.

"సరే," అన్నారు షిగెనో గారు,
"ఆ వంద అలాగే ఉండనీ."